వరుస సంఖ్య ఇరవై తొమ్మిదికి ప్రత్యామ్నాయం

దక్షిణ డెల్టా సువార్త సంఘాల సమాఖ్యకు యువజన కార్యదర్శి అయిన రెవరెండు డాక్టర్ ఎలీషా విద్యానందంగారు ఆగస్టులో హైదరాబాదు వెళ్ళి, అక్కగారింట్లో మేనల్లుడి గదిలో బస చేశారు. హాల్లో సోఫా మీద సర్దుకుని ఉంటే నూటపన్నెండు ఊళ్ళ విశ్వాసులు ఆ ఏడాది సుఖంగా ఉండేవాళ్ళు. గది గోడ మీద నిలువెత్తు బొమ్మ ఒకటి ఉంది. అందులో అయిదుగురు మగవాళ్ళు మొహాలకు తెల్లరంగు, కళ్ళ చుట్టూ మసి పూసుకుని, పొగలో శవపేటికల మూతలు తోసుకుని లేస్తున్నారు. వీళ్ళేం చేస్తున్నారని అడిగితే పాడుతున్నారని, దాన్ని హెవీ మెటల్ అంటారని చెప్పాడు మేనల్లుడు. ఏదీ వినిపించమంటే వినిపించాడు. కార్యదర్శిగారు రెండు నిమిషాలు విని, చొక్కా పైగుండీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు.

వెనకటి కార్యదర్శులైతే ఊరికి తిరిగొచ్చి, ఆదివారం ప్రసంగంలో అలాంటివి వినకండని ఓ మాట చెప్పి ఊరుకునేవాళ్ళు. వినేవాళ్ళు ఎటూ లేరు గనక గొడవా ఉండేది కాదు. కాని విద్యానందంగారు సంస్థల నిర్వహణలో డాక్టరేటు చేసినవారు. వద్దనడం పాతకాలపు పద్ధతి, దానికి బదులు ఇంకొకటి చేతిలో పెట్టడం శాస్త్రీయ పద్ధతి అని ఆయన సిద్ధాంతం. వారం తిరిగేలోగా నలభై ఆరో నంబరు సర్క్యులర్ అన్ని సంఘాలకూ వెళ్ళింది. ‘విషయము: అంధకార నాటకీయ భారలోహ సంగీత బృందములకు విశ్వాస ప్రత్యామ్నాయముల గుర్తింపు, సమతుల్యత మరియు వేదిక కేటాయింపు.’

కొత్తలంకపాలెంలో ఆ సర్క్యులర్ నిరీక్షణరావు చేతికొచ్చింది. ఆయన మిషన్ బడిలో ముప్పయ్యేళ్ళు డ్రాయింగు మేస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు గుళ్ళో హార్మోనియం వాయిస్తూ స్త్రీల సమాజం పాటల బృందాన్ని చూసుకుంటున్నాడు. బృందమంటే ఎనిమిదిమంది ముసలమ్మలు, ఒక డోలక్కు, రెండు జతల తాళాలు. శుక్రవారం సాయంత్రం వాళ్ళని గుడి వరండాలో కూర్చోబెట్టి సర్క్యులర్ మొదట్నించీ చివరిదాకా చదివి వినిపించాడు.

భారలోహమంటే ఏంటని డోలక్కు వాయించే మార్తమ్మ అడిగింది. ఇనప సామానుకు సంబంధించింది అయ్యుంటుందని, తనకీ తెలియదని ఒప్పుకోలేక, మేస్టరు చెప్పేశాడు. మొదటి రెండు పేజీలూ ఎవరికీ ఎక్కలేదు. మూడో పేజీలో చివరి పేరా మాత్రం అందరికీ అర్థమైంది. ఈ సంవత్సరం మహాసభల వేదిక మీద పాడే ప్రతి బృందమూ తాను ఏ అంధకార బృందానికి ప్రత్యామ్నాయమో రుజువు చేసుకోవాలట. చేసుకోలేనివాళ్ళకు వేదిక లేదట. అది వినగానే ఏడుగురు ఆడవాళ్ళూ ఎనిమిదో మనిషి వైపు చూశారు.

ఆ మనిషి సంతోషమ్మ. వయసు డెబ్భై నాలుగు. చిన్నతనం నించీ జొన్నచేలల్లో మంచె మీద నిలబడి పిట్టల్ని అదిలించి అదిలించి ఆమె గొంతు బండబారిపోయింది. పేరు సంతోషమ్మే గాని ఆ గొంతులో సంతోషం వినాలంటే కొంచెం అలవాటుండాలి. ఆమె భర్త ఏసోబు బావులు తవ్వేవాడు. ఒకసారి బావి కూలి రెండ్రోజులు లోపలే ఉండిపోయాడు. బయటికి తీశాక మంచంలో పడుకుని ఒక పాట కట్టాడు.

‘చీకటి బావిలో నేనుంటే చేద దించినావా తండ్రీ,
అందలేదు నా చెయ్యి, నువ్వే వంగినావా తండ్రీ.’

ఏసోబు పోయి ముప్పై ఎనిమిదేళ్ళయింది. అప్పట్నించీ ప్రతి ఏడూ మహాసభల ఆఖరి సాయంత్రం ఆఖరి పాట అదే, పాడేది సంతోషమ్మే. ఈ ఏడు ఆమె గొంతులో గడ్డ కనబడింది. క్రిస్మస్ లోపల తీసేయాలని గుంటూరు డాక్టరు చెప్పాడు. తీశాక మాట వస్తుందేమో గాని పాట సంగతి తాను హామీ ఇవ్వలేనన్నాడు. సంతోషమ్మ దానికి ఏడవలేదు, వాదించలేదు. ఆపరేషను తారీకు మాత్రం మహాసభలు దాటాక పెట్టించుకుంది.

"ఈ పాలి ఆయన పాట పాడేసొచ్చి ఆ బల్ల మీద పడుకుంటాను మేస్టారూ. ఆపైన గొంతుంటే ఉంటది, పోతే పోద్ది," అని ఆమె చెప్పినప్పుడు నిరీక్షణరావు సరేనని మాటిచ్చాడు. ఇప్పుడు ఆ మాట మెడకు చుట్టుకుంది.

మర్నాడు మొదటి బస్సుకే ఆయన మిషన్ కాంపౌండుకి వెళ్ళాడు. ప్రత్యామ్నాయ విభాగం అప్పటికే ఏర్పడింది. దానికో గది ఇచ్చారు, గదికో బోర్డు పెట్టారు, బోర్డు కింద ఫిలేమోనుని కూర్చోబెట్టారు. ఫిలేమోను నలభయ్యేళ్ళ గుమస్తా, మొన్నటిదాకా బాప్తిస్మం సర్టిఫికెట్లు రాసేవాడు. నున్నగా తల దువ్వుకుని, ఎవరి మనసూ నొప్పించకుండా పని ఆపగలిగిన మనిషి. అతని ముందు వెడల్పాటి కాగితం పరిచి ఉంది. ఎడమ పక్క అంధకార బృందాలు, ముప్పై ఒకటి. కుడి పక్క వాటి ప్రత్యామ్నాయాలు.

ఎడమ పక్క పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. పేర్లు రాస్తే చీకటికి ప్రచారం చేసినట్టవుతుందని కార్యదర్శిగారు వాటిని ఒక కవరులో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో దాచారు. ఆ కవరు తెరిచే అధికారం ఆయనకొక్కరికే ఉంది. శోధనలో పడకూడదని ఆయనా తెరవరు. కాబట్టి ఎవరు ఎవరికి బదులో దక్షిణ డెల్టాలో ఒక్కరికీ తెలియదని ఫిలేమోను కొంత గర్వంగానే చెప్పాడు. అంకె పక్కన లక్షణాలు మాత్రం రాసి ఉన్నాయి, అది చాలట.

తమ ముసలమ్మలు ఎవరికీ బదులుగా పుట్టలేదని, ఈ భారలోహం ఈ దేశంలో అడుగు పెట్టకముందు నించీ పాడుతున్నారని నిరీక్షణరావు మొత్తుకున్నాడు. ఫిలేమోను సానుభూతిగా తల ఊపాడు.

"అదే చిక్కు మేస్టారూ. ఎడమ గడిలో అంకె లేందే కుడి గడిలో పేరు రాయకూడదు. మీరు దేనికీ ప్రత్యామ్నాయం కాదంటే, రికార్డు ప్రకారం మీరు లేనట్టే."

ఉండాలంటే ఏం చేయాలని అడిగాడు మేస్టరు. మిగిలినవి రెండే అంకెలని తేలింది. తేలిక అంకెలన్నీ పట్నం సంఘాల గిటార్ల కుర్రాళ్ళు ముందే పట్టుకుపోయారు. ముప్పయ్యో అంకె పక్కన ‘వేదికపై వాద్యములకు నిప్పు పెట్టుట’ అని ఉంది. తెల్లచీరల్లో ఉన్న ఎనిమిదిమంది ముసలమ్మల్నీ, తన హార్మోనియాన్నీ తల్చుకుని నిరీక్షణరావు దాన్ని వదిలేశాడు. ఇరవై తొమ్మిది పక్కన ‘పేటికలలోనుండి లేచుట, పొగ, మొహమునకు తెలుపు, అగాధ గర్జన’ అని ఉంది. మొదటి మూడూ ఎలా ఉన్నా నాలుగోది దేవుడు సంతోషమ్మకు పుట్టుకతోనే ఇచ్చాడు. ఇరవై తొమ్మిదికే సంతకం పెట్టి, గండం గడిచిందనుకుంటూ మేస్టరు బస్సెక్కాడు.

గడవలేదు. నాలుగు రోజులకు ఏడో నంబరు ఫారం వచ్చింది. ప్రత్యామ్నాయం పని చేస్తోందని చూపించాలంటే, ఆ సంఘంలో కనీసం పదిమంది సదరు అంధకార బృందాన్ని విని, మానేసినట్టు సంతకాలు చేయాలి. కొత్తలంకపాలెంలో ఒక్కరూ ఏ అంధకార బృందాన్నీ విని ఎరగరు. ఆ మాటే రాసి పంపించాడు నిరీక్షణరావు. కార్యదర్శిగారి నించి తిరుగు టపాలో జవాబొచ్చింది: ‘విననివారు మానలేరు. మాననివారిని విడిపించలేము. కావున తమ సంఘమున పర్యవేక్షిత శ్రవణము ఏర్పాటు చేయడమైనది.’

ఆ శ్రవణం చేయించడానికి ఫిలేమోను ఒక స్పీకరు పెట్టె పట్టుకుని వచ్చాడు. ముసలమ్మలు ఎనిమిదిమంది, మేస్టరు, సంఘకాపరి కలిసి లెక్కకు సరిగ్గా పదిమంది కూర్చున్నారు. ముందు ప్రార్థన, తర్వాత మూడు పాటలు, తర్వాత సాక్ష్యాలు అని కార్యక్రమం. బృందం పేరు తెలియదు గనక లక్షణాలను బట్టి ఎక్కడో వెతికి తెచ్చానని, ఒకవేళ అంకె తప్పయితే క్షమించమని ఫిలేమోను విన్నవించుకుని మీట నొక్కాడు.

గుడి కిటికీ అద్దాలు గడగడలాడాయి. చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. సంఘకాపరి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు. మొదటి పాట అయ్యేసరికి ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు కొంగు కళ్ళకద్దుకోవడం చూసి, తన పరికరం ఫలించిందనుకున్నాడు ఫిలేమోను.

"పాపం, ఎవరు పోయారయ్యా ఆళ్ళకి?" అని అడిగింది మార్తమ్మ.

"బాగా దగ్గరోళ్ళే పోయుంటారు," అంది సంతోషమ్మ. "ఆ పిల్లోడు పేగుల్లోంచి ఏడుస్తన్నాడు. అట్టా ఏడిస్తే గొంతు నిలవదు. మిరియాల పాలు తాగమని ఓ ఉత్తరం ముక్క రాయండి మేస్టారూ."

రెండో పాటకి అందరూ కుదురుకున్నారు. మూడో పాటకి మార్తమ్మ డోలక్కు దగ్గరికి లాక్కుని దరువు కలిపింది, అది చక్కగా కలిసింది కూడా. ఆపైన ఫారం నింపాలి. అందులో మూడు గడులున్నాయి: విన్నారా? ఆకర్షితులయ్యారా? మానేశారా? మూడింటికీ అవునని ఉంటేనే చెల్లుతుంది. ఆకర్షణ అనే మాట దగ్గర ముసలమ్మలు సిగ్గుపడ్డారు. ఈ వయసులో అలాంటి కాగితం మీద వేలిముద్ర వేస్తే కోడళ్ళు ఏమనుకుంటారని గొణిగారు. సంతోషమ్మ పాట కోసమని బతిమాలి మేస్టరు వేయించాడు. మార్తమ్మ ఒక్కతే మూడో గడి దగ్గర మొరాయించింది. మానేయడానికి తనకేం అభ్యంతరం లేదుగాని, నాలుగో పాట ఉంటే అది కూడా విని మానేస్తానంది, ఫిలేమోను అదీ వేశాకే వేలిముద్ర వేసింది.

ఇదంతా ఒక్క ఊళ్ళో జరిగిన పని కాదు. నూటపన్నెండు సంఘాల్లోనూ విననివాళ్ళని వెతికి పట్టుకుని వినిపించారు. వలలు బాగు చేసుకునేవాళ్ళని, మిరపకాయలు తొడిమలు తీసుకునేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టి ఆకర్షించారు. దసరా సెలవులయ్యేసరికి వెయ్యిన్నూట నలభైమందిని అంధకారంలోంచి బయటికి లాగినట్టు సమాఖ్య పత్రికలో అచ్చయింది. అంతకుముందు లోపల ఎంతమంది ఉండేవాళ్ళని ఎవరూ అడగలేదు. కుర్రకారు మాత్రం ఆ పాటలు మళ్ళీ ఎప్పుడు వేస్తారని గుమ్మాల దగ్గర కాచుకున్నారు. అన్ని ఊళ్ళూ తిరిగిన ఫిలేమోనుకి జుట్టు చెవుల మీదికి దిగింది, నల్లచొక్కా తప్ప వేరేది తొడగడం మానేశాడు.

అక్టోబరు ఆఖర్లో సమతుల్యతా తనిఖీకి కార్యదర్శిగారే స్వయంగా కొత్తలంకపాలెం దయచేశారు. కారు వెనకాల ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరులో మిషన్ వడ్రంగి బడి తయారుచేసిన శవపేటిక ఉంది. అంధకారం పోగొట్టడానికి దానికి పసుప్పచ్చ రంగు వేసి, మూత మీద పొద్దుతిరుగుడు పువ్వులు గీయించారు. పువ్వులు బాగానే గీశారని డ్రాయింగు మేస్టరుగా నిరీక్షణరావు మనసులో ఒప్పుకున్నాడు.

"యువకుడు అక్కడ ఏదైతే పొందుచున్నాడో ఇక్కడ కూడా అదే పొందవలెను, అంధకారము మినహా," అని కార్యదర్శిగారు ముసలమ్మలకు వివరించారు. "వారు పేటికలోనుండి లేచిన, మనమును లేచెదము. కాని చిరునవ్వుతో లేచెదము."

లేవవలసింది ప్రధాన గాయని అని రూల్లో ఉంది. ఎక్కడానికి ఒక పీట కూడా తెచ్చారు. అందరూ సంతోషమ్మ కేసి తిరిగారు. ఆమె పేటిక చుట్టూ ఒకసారి నడిచి, లోపలికి తొంగి చూసి, చెక్క మీద వేళ్ళతో తట్టింది.

"ఇందులో నేను ఒక్కసారే పడుకుంటానయ్యగారూ. మళ్ళీ లేచేది ఆ పైనాయన లేపినప్పుడే. మీరు లేపితే లేవను."

విద్యానందంగారు మినహాయింపు ఉత్తర్వు ఒకటి అక్కడికక్కడే చెప్పి రాయించారు. లేచుటకు బదులు పేటిక పక్కన నిలిచి పాడుట అనుమతించడమైనది. చచ్చిపోయినవాళ్ళ పేటికల పక్కన నిలబడి పాడడం తమకు కొత్తేం కాదని, ఊళ్ళో అందరూ తమని పిలిచేదే అందుకని మార్తమ్మ అంది. కార్యదర్శిగారు దాన్ని పూర్వానుభవం అనే గడిలో రాసుకున్నారు. పొగకు సాంబ్రాణి వేస్తామంటే అది కతోలిక్కులదని కొట్టేసి వేపాకు మంజూరు చేశారు. మొహాలకు పౌడరు చాలన్నారు. వెళ్ళిపోతూ పాట కాగితం అడిగి పట్టుకెళ్ళారు.

పాట కాగితం పదిరోజులకు ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చింది. పదకొండు చోట్ల చీకటి అనే మాట కొట్టేసి ఉంది. ప్రత్యామ్నాయ గీతాల్లో ఆ మాట, దాని పర్యాయపదాలూ వాడకూడదట. బదులుగా వాడవలసిన మాట కూడా సాహిత్య పరిశీలక ఉపసంఘం వారే దయచేశారు. ‘తక్కువ వెలుతురు బావిలో నేనుంటే చేద దించినావా తండ్రీ’ అని పాడాలి.

నిరీక్షణరావుకి ఒళ్ళు మండింది. మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు. వాళ్ళందర్నీ ఒక్కొక్కరినే బావిలోకి దించి అక్కడ వెలుతురు ఎంతుందో కొలిపించి పైకి తీస్తానని వరండాలో నిలబడి అరిచాడు. సంతోషమ్మ మాత్రం అరవలేదు. కాగితం తిరగేసి మరగేసి చూసింది, ఆమెకు చదువు రాదు, ఎర్రగీతలు మాత్రం వేలితో లెక్కపెట్టుకుంది.

"ఆయన రెండ్రోజులు ఆ బావిలో ఉన్నాడు మేస్టారూ. అక్కడ తక్కువ ఎలుతురు లేదు, చీకటే ఉంది," అంది. కాగితం తిరిగిచ్చేస్తూ, "ఆళ్ళు రాసిన మాట అనకపోతే మైకు ఇయ్యరా?" అని అడిగింది.

ఇవ్వరన్నట్టు మేస్టరు తల అడ్డంగా ఊపాడు. ఆమె అర్థం చేసుకుంది. మర్నాటి నించీ ఎనిమిదిమందీ తక్కువ వెలుతురు అభ్యాసం చేశారు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ తాళం తప్పేది. హార్మోనియం మీద వేళ్ళు నడుస్తున్నా, నిరీక్షణరావుకి ఏసోబు ముందు తలెత్తుకోలేనట్టుగా ఉండేది.

నవంబరు ఆఖరి శనివారం మహాసభల ముగింపు. కాంపౌండు వెనక మైదానంలో నాలుగువేలమంది చాపలు పరుచుకుని, క్యారేజీలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం నించీ ఇరవై తొమ్మిది ప్రత్యామ్నాయ బృందాలు వరసగా ఎక్కాయి. పసుప్పచ్చ పేటికలు తెరుచుకున్నాయి. పౌడరు మొహాలు చిరునవ్వుతో లేచి గర్జించాయి. ఒకరు ఉక్కు గొలుసులు తెంచుకుంటే ఇంకొకరు గిటారు నేలకేసి కొట్టి, విరగ్గొట్టినందుకు క్షమాపణ కోరుతూ ప్రార్థన చేశారు. వేపాకు పొగకు ముందు వరసలు దగ్గడం మొదలుపెట్టి వెనక్కి జరిగాయి. పసిపిల్లలు గుక్కపట్టారు. విందామని వచ్చిన పెద్దవాళ్ళు మర్యాద కోసం కదలకుండా కూర్చుని, ఇంకెన్ని ఉన్నాయని ఒకరినొకరు సైగలతో అడిగారు. వెనకాల నల్లచొక్కాల కుర్రాళ్ళు మాత్రం అసలుదానికీ దీనికీ పోలికే లేదని పెదవి విరిచారు. అసలుది వాళ్ళకి వినిపించింది సమాఖ్యే.

సంతోషమ్మ వాళ్ళ వంతు వచ్చేసరికి పొద్దు గుంకింది. ఎనిమిదిమంది ముసలమ్మలు తెల్లచీరల్లో, పేటిక పక్కన వరసగా నిలబడ్డారు. నిరీక్షణరావు హార్మోనియం ముందు కూర్చుని మొదటి మెట్టు మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే, ఆరుగంటలుగా ఇరవై తొమ్మిది బృందాల స్పీకర్లని మోసిన జనరేటరు పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. దీపాలన్నీ ఒక్కసారి పోయాయి. కంటికి చెయ్యి కనబడలేదు. నాలుగువేలమందిలో కలవరం లేచింది, తల్లులు పిల్లల్ని పేర్లు పెట్టి పిలవసాగారు.

వేదిక మీంచి కార్యదర్శిగారి గొంతు వినబడింది. మైకు లేదు, పాపం ఉన్నంత బలంతో అరిచారు. పదకొండు చోట్ల కొట్టేసిన మాట తన నోట ఎలా అంటారు. "ప్రియులారా, ఎవరునూ కదలవద్దు. ప్రస్తుతము కొంచెము తక్కువ వెలుతురుగా ఉన్నది," అన్నారు.

ఎక్కడో ఒక ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు చాపల మీదుగా పాకుతూ వెనకదాకా పోయింది. అది ఆగేలోపే పాట మొదలైంది.

‘చీకటి బావిలో నేనుంటే...’

సంతోషమ్మ చీకటి అనే అంది. నిరీక్షణరావు వేళ్ళు వాటంతటవే కదిలాయి. జొన్నచేలో ఆ మూలనున్న పిట్టకి వినబడేలా పెంచుకున్న గొంతది, దానికి మైకు అక్కర్లేదు. మైదానం అంచుల దాకా వెళ్ళింది. పిల్లల్ని పిలుస్తున్న తల్లులు ఆగారు. నువ్వే వంగినావా తండ్రీ అన్నచోట ఆమె గొంతు చీలింది. గడ్డ వల్లో, ఏసోబు గుర్తొచ్చో ఎవరికి తెలుసు. చీలిన గొంతుతోనే పైకి ఎత్తుకుంది. మార్తమ్మ దరువు తప్పకుండా వాయిస్తూ ఏడ్చింది. నిరీక్షణరావు కూడా ఏడ్చాడు, ఎవరూ చూడరు గనక దాచుకోలేదు. నల్లచొక్కాల కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఫోన్లు పాటను పట్టుకున్నాయి. పదకొండు చీకట్లూ పదకొండు చోట్లా పడ్డాయి, ఒక్కటి తగ్గలేదు.

దీపాలు వచ్చాక చూస్తే సంతోషమ్మ పేటిక మూత మీద, పొద్దుతిరుగుడు పువ్వుల మధ్య కూర్చుని ఆయాసం తీర్చుకుంటోంది.

సోమవారం ప్రత్యామ్నాయ ఉపసంఘం అత్యవసరంగా కూర్చుంది. ముగింపు సాయంత్రం గురించి నివేదికలు చదివారు. శ్రోతలకు ఒళ్ళు జలదరించినట్టు, పలువురు ఏడ్చినట్టు, యువకులు ఆకర్షితులై మళ్ళీ మళ్ళీ వింటున్నట్టు వాటిలో ఉంది. అగాధ గర్జన, పేటిక, పొగ, మొహమునకు తెలుపు, పైగా పూర్తి అంధకారంలో ప్రదర్శన, నిషిద్ధ పదం పదకొండుసార్లు. శాస్త్రీయంగా పరిశీలిస్తే ఒక్కటే తేలింది. వారం తిరక్కుండా యాభై మూడో నంబరు సర్క్యులర్ వెలువడింది. కొత్తలంకపాలెం స్త్రీల సమాజాన్ని కుడి గడిలోంచి తీసి ఎడమ గడిలో వేశారు. అంధకార బృందములు, వరుస సంఖ్య ముప్పై రెండు. దీనికి తగిన విశ్వాస ప్రత్యామ్నాయమును వెంటనే గుర్తించవలెను. అంతవరకు నూటపన్నెండు సంఘములలోను పదేసిమందికి తగ్గకుండా సదరు పాటపై పర్యవేక్షిత శ్రవణము జరిపించవలెను.

ఆ సర్క్యులర్ పట్టుకుని నిరీక్షణరావు గుంటూరు ఆసుపత్రికి వెళ్ళాడు. తెల్లారితే ఆపరేషను. సంతోషమ్మ మంచం మీద కూర్చుని నారింజ తొనలు ఒలుచుకుంటోంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చదివి వినిపించాడు. ముప్పై ఎనిమిదేళ్ళ పాటకి ఈ గతి పట్టించింది తాను పెట్టిన సంతకమే గదా అని చదువుతున్నంతసేపూ నొచ్చుకున్నాడు. ఆమె అంతా విని, కళ్ళు చికిలించి ఆలోచించింది.

"అంటే ఆయన పాట అన్ని ఊళ్ళల్లో ఏస్తారా?"

"వెయ్యాల్సిందే. ఆర్డరు."

"మంచిదే మేస్టారూ," అంది సంతోషమ్మ. "మనం ఎంత బతిమాలితే మాత్రం అన్ని ఊళ్ళోళ్ళు ఇంటారా?"

ఆపరేషను బాగానే జరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం గుసగుసగా మిగిలింది, పాట పోయింది.

జనవరి రెండో శుక్రవారం ఫిలేమోను స్పీకరు పెట్టెతో కొత్తలంకపాలెం వచ్చాడు. పాడినవాళ్ళ సొంత ఊరు గదా మినహాయించమని సంఘకాపరి అడిగితే, ఉత్తర్వులో ఏ ఊరికీ మినహాయింపు లేదని చెప్పాడు. పదిమందీ వరండాలో కూర్చున్నారు. సంతోషమ్మ మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఫిలేమోను ప్రార్థన చేసి మీట నొక్కాడు.

ఫోనులో పట్టిన పాట, వెనకాల పిల్లల ఏడుపులు, మార్తమ్మ దరువు, వాటి మీదుగా ఆ గొంతు. సంతోషమ్మ కళ్ళు మూసుకుని విన్నది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. గొంతు చీలినచోట మాత్రం కళ్ళు తెరిచి, ఎవరిదో గొంతు విన్నట్టు స్పీకరు పెట్టెని చూసింది.

ఆపైన ఫారాలు. ఇప్పటికి అరవై ఒక్క ఊళ్ళు అయ్యాయని, అందరూ విన్నారని, అందరూ ఆకర్షితులయ్యారని, మూడో గడి మాత్రం ఏ ఊళ్ళోనూ నిండటంలేదని ఫిలేమోను చెప్పాడు. ప్రత్యామ్నాయం దొరికేదాకా ప్రతి నెలా మళ్ళీ వినిపించమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారట. ఆ మాట చెబుతూ అతను బాధపడుతున్నట్టు కనబడలేదు.

సంతోషమ్మ పేరు ఎదుట కలం పట్టుకుని నిరీక్షణరావు ఆమె వైపు తిరిగాడు. విన్నారా అంటే తల ఊపింది. ఆకర్షితులయ్యారా అంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మానేశారా అని అడిగేసరికి, స్పీకరు పెట్టెకేసి వేలు చూపించి, మళ్ళీ వెయ్యమన్నట్టు ఆ వేలు గుండ్రంగా తిప్పింది.

మేస్టరు మూడో గడిలో ‘ఇంకా లేదు’ అని పొందికగా రాసి, ఫారం ఫిలేమోను చేతికిచ్చాడు.